పేరు కింది పంక్తి

టాలిన్‌లో, కలమయ పేటలో, రైలు పట్టాల వెనక
కాలితో తొక్కే అచ్చు యంత్రం నాది.
నవంబరు. మూడున్నరకే చీకటి.
తలుపు తోసుకుని, భుజాల మీది మంచు దులుపుకుంటూ
ఐలి వచ్చింది, ఈ ఏడాదిలో మూడోసారి.

"పేరు అదే. కింది పంక్తి మార్చాలి."

చలికాలంలో: బ్లాక్‌చెయిన్ డెవలపర్.
వేసవిలో: స్మార్ట్ కాంట్రాక్ట్ ఇంజినీర్.
ఇప్పుడు: ప్రోటోకాల్ ఇంజినీర్.

నా కంటికి మూడూ అచ్చు గుద్దినట్టే ఉన్నాయి.
గుద్దేదాన్ని నేనే కదా, ఆ మాట నాకు చెల్లుతుంది.
"జీతం పెంచమంటే పేరు పెంచారా?" అన్నాను.
"మొదటిసారి అంతే" అని నవ్వి
చేతితొడుగు తీసి, పెట్టెలోంచి ఓ సీసపు అక్షరం పట్టుకుంది.

"ఇది పోసినవాడెవరు?"
ఎవరో. ఏనాడో పోయుంటాడు.
"వాడు ప్రోటోకాల్ ఇంజినీరు.
ఇది వెంట్రుకంత పొట్టిదైతే
నీ యంత్రమే కాదు, ఊళ్లో ఏ యంత్రమూ దీన్ని అచ్చెయ్యదు.
ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లంతా
ఈ ఎత్తు దగ్గర ఒప్పుకున్నారు.
నువ్వు పేర్చి, బిగించి, తొక్కుతావే,
అది కాంట్రాక్టు రాయడం."

"తప్పొస్తే మళ్లీ వేస్తాను" అన్నాను.
"నీకు పొయ్యి ఉంది.
మా తప్పు వెయ్యి చోట్ల భద్రంగా ఉంటుంది."

మరి బ్లాక్‌చెయిన్ డెవలపరో?
కాసేపు కిటికీలోకి చూసింది.
"టాలిన్‌లో ఉంటానని చెప్పడం లాంటిది.
ఏ వీధో, ఎన్నో అంతస్తో తెలీదు.
నేనప్పుడు చేసింది ఇదిగో, ఈ అద్దం పని:
బటన్లు, రంగులు, లోపలికి దారి చూపే బాణాలు.
పక్క బల్ల మీద రోడియోన్‌కీ అదే కార్డు.
అతను రాత్రంతా నోడ్లకు కాపలా.
ఒకరి పని ఒకరికిస్తే ఇద్దరం మునిగేవాళ్లం."

టీ పోశాను. కప్పు రెండు చేతులా పట్టుకుంది గానీ తాగలేదు.

ఆగస్టులో ఒక గుర్తు,
'తక్కువ' అన్నచోట 'తక్కువ లేదా సమానం' అని ఉండాల్సింది.
సారెమా దీవిలో ఉన్ని వడికేవాళ్ల సంఘం,
నలభై ఒక్క ఇళ్ల పొదుపు.
ఎవరూ దోచుకోలేదు.
ఎవరూ తీసుకోనూ లేరు.
గాజుపెట్టెలో రొట్టెలా అందరికీ కనిపిస్తూ ఉంది.

"ఆ రాత్రి, ఇది ఎవరి పని అని అడిగితే
అందరం మా కార్డులు చూసుకున్నాం.
అద్దంవాళ్లు అద్దం శుభ్రంగా ఉందన్నారు.
పునాదివాళ్లు పునాది కదల్లేదన్నారు, నిజమే.
అప్పటికి ఆడిటరైన రోడియోన్
నాకు చూపించినంతే చూశానన్నాడు, అదీ నిజమే.
మిగిలింది నా పంక్తి."

కంపెనీ సగం కట్టింది. మిగతా సగానికి గడువు కట్టింది.
ఆ మాట చెప్పడానికి పడవెక్కి వెళ్లింది ఐలి.
సాల్మె అనే ముసలావిడ
కళ్లజోడు వెతుక్కుని కార్డు మొత్తం చదివి
"ఇంతకీ రాసింది నువ్వేనా?" అందట.
"నేనే."
"ఆ ఒక్క మాట వేసుకోరాదూ, ఇంత పొడుగెందుకు?"

తర్వాత ఆమె నాకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.
పుల్లలో అక్షరాలు తలకిందులుగా పేరుస్తున్నాను.
మా భాషలో ఆ కొత్త పేరుకి 'ఓ'లు మూడు.
ఆ సైజువి పెట్టెలో రెండే దొరికాయి.
మూడోది వేరే కుటుంబానిది, కాస్త అరిగినది, పెట్టి
మొదటి కార్డు తీసి ఆమెకిచ్చాను.

వేలితో తడిమింది. చివరి 'ఓ' దగ్గర ఆగింది.
"రేపు తెప్పించి సరిచేస్తాను" అన్నాను.
"వద్దు, ఉండనీ" అంది.

వెళ్తూ వెళ్తూ, వేసవి కార్డులు మిగిలాయా అని అడిగింది.
నలభై దాకా ఉన్నాయి.
ఒకటి తీసుకుని పర్సులో పెట్టుకుంది,
కొత్తవాటికి ముందు.